యాప్‌లో నేర్చుకున్న నార్వీజియన్ అక్కడ వినబడదా?

ప్రశ్న: మాది కరీంనగర్. బీటెక్ మెకానికల్ ఫైనలియర్. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో ఎమ్మెస్ చేయాలని ఉంది. కోర్సు ఇంగ్లిష్‌లోనే. ఆరు నెలలుగా యాప్‌లో నార్వీజియన్ నేర్చుకుంటున్నా, కానీ అక్కడివాళ్ల వీడియోలు పెడితే ఒక్క ముక్క అర్థం కావట్లేదు. నాకు ఇంగ్లిష్ గ్రామరే అంతంతమాత్రం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇందులో మీ లోపం ఏమీ లేదు. మీరు నేర్చుకుంటున్నది బూక్‌మోల్, అంటే రాత భాష. నీనోర్స్క్ అని ఇంకో రాత భాష కూడా ఉంది. 1885లో అక్కడి పార్లమెంటు రెండింటికీ సమాన హోదా ఇచ్చింది. మాటకు మాత్రం అధికారిక ప్రమాణం లేదు, ఎవరి ఊరి యాస వారిది. 'నేను' అనడానికి మీ యాప్ 'యై' అని నేర్పుతుంది. బెర్గెన్‌లో 'ఎగ్' అంటారు. ట్రోండ్‌హైమ్‌లో అయితే 'బ్యాంకు' అన్నప్పుడు పలికే అచ్చు ఒక్కటే! 'ఏమిటి'కి పుస్తకంలో 'వా', అక్కడి వీధిలో 'కా'.

మీరు ఇంట్లో 'ఏడికి పోతున్నవ్' అంటారు, పరీక్షలో 'ఎక్కడికి వెళ్తున్నావు' అని రాస్తారు. ఇదీ అంతే. మన దగ్గర యాసను వెక్కిరించేవాళ్లు ఇంకా ఉన్నారు, అది నాకు బాధ. నార్వేలో మాత్రం పార్లమెంటు సభ్యులు కూడా సొంత యాసలోనే మాట్లాడతారు.

కాబట్టి రాయడం, మాట్లాడటం బూక్‌మోల్‌లోనే సాగించండి, అందరికీ అర్థమవుతుంది. చెవికి మాత్రం ట్రోండ్‌హైమ్ యాస అలవాటు చేయండి. ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కె రేడియోలో ఆ ప్రాంతపు కార్యక్రమాలు రోజూ అరగంట వినండి.

గ్రామర్ గురించి మరీ భయపడకండి. ఇంగ్లిష్‌లో ఐ యామ్, యు ఆర్, హీ ఈజ్ అని మారే క్రియ అక్కడ అందరికీ ఒకటే: యై ఎర్, డూ ఎర్, హాన్ ఎర్. 'హూస్' అంటే ఇల్లు. ఇంగ్లిష్‌లోలా 'ద' (the) ముందు పెట్టరు, చివర తగిలించి 'హూసె' అంటారు. ఇంటికి, ఇంట్లో అనే మనకు అది తేలిగ్గానే పడుతుంది. ఇబ్బందల్లా క్రియ స్థానంతోనే. మామూలు వాక్యంలో అది రెండో చోటే ఉండాలి. 'ఈరోజు నేను ఇంటికి వెళ్తున్నా' అనడానికి 'ఇ డాగ్ గోర్ యై యెమ్' అంటారు, అంటే 'ఈరోజు వెళ్తున్నా నేను ఇంటికి'. ఇంగ్లిష్ వరసలో ఆలోచిస్తే ఇక్కడే తప్పు దొర్లుతుంది.

ఇంకో మాట. అక్కడ చదువు ఉచితమని చెప్పే పాత వీడియోలు నమ్మకండి. 2023 నుంచి మనలాంటి విదేశీ విద్యార్థులకు ఫీజు మొదలైంది. ఇప్పుడెంతో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఈ వారం 'ఇ డాగ్'తో మొదలయ్యే పది వాక్యాలు రాసి, పైకి చదవండి.