ముందు కౌన్సిలర్‌గా నిలబడు

అమ్మలూ,

యూనివర్సిటీ విద్యార్థి యూనియన్ ప్రధాన కార్యదర్శి పదవికి ఈ ఏడే నామినేషన్ వేస్తానని రాశావు. వద్దు. పిరికి మందు పోస్తున్నానని అనుకోకు, లెక్క చూడు. విద్యార్థి ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. వాటి ప్రకారం ప్రధాన కార్యదర్శి లాంటి ఆఫీస్ బేరర్ పదవికి ఒక విద్యార్థి పోటీ చేయగలిగేది ఒక్కసారే, కౌన్సిలర్ లాంటి కార్యవర్గ సభ్యత్వానికైతే రెండుసార్లు. గెలిచినా ఓడినా ఆ ఛాన్సు ఖర్చయిపోయినట్టే. ఎమ్మే మొదటి ఏడు, మొహాలే సరిగా తెలియని క్యాంపస్‌లో దాన్ని ఎందుకు పారేసుకుంటావు? మన రెండు రాష్ట్రాల్లో చాలా కాలేజీల్లో ప్రత్యక్ష ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. డిగ్రీ దాకా నువ్వు బ్యాలెట్ పెట్టె మొహం చూడలేదు. ఈసారి మీ స్కూల్ నుంచి, అంటే యూనివర్సిటీలో మీ విభాగాలున్న భాగం నుంచి, దాని ప్రతినిధి అయిన కౌన్సిలర్‌గా నిలబడు.

ముందు అర్హత చూసుకో. హాజరు 75 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు. వయసు పరిమితి పీజీ వాళ్లకు 24-25, పరిశోధక విద్యార్థులకు 28. ప్రతిపాదించేవాళ్ల పేరు, రోల్ నంబరు ఓటర్ల జాబితాలో ఎలా ఉంటే నామినేషన్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించు. చివరి రోజు మధ్యాహ్నం దాకా ఆగితే, తప్పు దొరికినా దిద్దుకునే వ్యవధి ఉండదు.

అసలు పని ఓటర్ల జాబితాతోనే. నామినేషన్ నుంచి ఫలితాల దాకా మొత్తం పది రోజులు దాటకూడదన్నది నియమం. చేతికి నికరంగా వచ్చేది ఆరేడు రోజులు. మీ స్కూల్లో 240 మంది ఉన్నారనుకుందాం. ఆరు రోజుల్లో అందరినీ కలవాలంటే రోజుకు 40 మంది, మనిషికి అయిదు నిమిషాలన్నా మూడు గంటలు పైనే పడుతుంది. ప్రతి పేరు పక్కనా అదే రోజు రాత్రి ఒక గుర్తు పెట్టు: ఖాయం, ఊగిసలాట, అవతలి వైపు. “తప్పకుండా వేస్తాం” అని నవ్వుతూ చెప్పేవాళ్లందరినీ ఖాయంలో వేసుకోవద్దు, ఆ మాట ముగ్గురు అభ్యర్థులకీ చెబుతారు. నువ్వు అడగకుండానే తమ సమస్య ఎత్తినవాళ్లు, ఇంకొకరి దగ్గరికి నిన్ను తీసుకెళ్లినవాళ్లు, వాళ్లు ఖాయం.

హాస్టల్ గదులకు భోజనాలయ్యాక వెళ్లు. అబ్బాయిల హాస్టళ్ల లోపలికి నువ్వు వెళ్లలేవు కాబట్టి అక్కడ తిరగడానికి నీ తరఫున ఒకరు కావాలి. ఎక్కువమంది మరిచిపోయేది డే స్కాలర్లను. వాళ్లు దొరికేది పొద్దున్న బస్సు దిగే చోట, అంతే. పీహెచ్‌డీ వాళ్లను ల్యాబ్‌లో కదపకు, టీ వేళకు పట్టుకో. సభలో ఇంగ్లీషులో మాట్లాడినా, గదిలో మాత్రం ఒడియా పిల్లలను హిందీలోనో, కనీసం వాళ్ల భాషలో ఒక పలకరింపుతోనో కదిలించు.

హామీలు మూడు చాలు. ఒక్కోదాని పక్కన ‘ఇది ఎవరి చేతిలో ఉంది’ అని రాసుకో. లైబ్రరీ వేళలు యూనివర్సిటీ చేతిలో, మెస్ మెనూ వార్డెన్, మెస్ కమిటీల చేతిలో ఉంటాయి. నెట్ పరీక్ష అర్హత లేని పరిశోధకులకిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ పెంచడం యూజీసీ పని. పెంచుతానని చెబితే డిబేట్‌లో మొదటి ప్రశ్నకే దొరికిపోతావు. “పెంచమని అడుగుతాం” అంటే అది నిజం.

ఖర్చు పరిమితి 5,000 రూపాయలు. ప్రింటు పోస్టర్లు, కరపత్రాలు నిషేధం, చేతితో రాసినవే అతికించాలి, అదీ అనుమతించిన చోట్లే. చార్టులు, స్కెచ్ పెన్నులు, గోధుమపిండి జిగురు కలిపినా పెద్దగా కాదు. డబ్బు పోయేది టీ టిఫిన్ల దగ్గరే. స్నేహితులు ప్రేమతో కొన్నదీ నీ లెక్కలోకే వస్తుంది, బిర్యానీ పొట్లాలైతే అసలు ముట్టుకోవద్దు. పరిమితి దాటితే గెలిచిన ఎన్నికే రద్దవుతుంది. నోటుపుస్తకం మొదటి రోజే తెరిచి బిల్లులు అందులోనే పిన్ను చెయ్యి. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేయించిన లెక్కలు ఇవ్వాలి, ఓడినవాళ్లు కూడా.

ప్యానెల్‌లో, అంటే ఒక విద్యార్థి సంఘం పదవులన్నిటికీ కలిపి నిలబెట్టే జట్టులో, చేరాలా అని అడిగావు. కౌన్సిలర్ స్థాయిలో ఒంటరిగా గెలవొచ్చు. పైపదవికి పోస్టర్లు రాసే చేతులు, గదులు తిరిగే కాళ్లు కావాలి, అవి సంఘాల దగ్గరే ఉంటాయి. అయితే వాళ్ల మేనిఫెస్టో అంతా నీ మెడకు పడుతుంది, చదివాకే ఒప్పుకో.

లెక్కింపు గదిలో నీ ఏజెంటుగా ఆవేశపరుణ్ణి కూర్చోబెట్టకు, కట్టలు నిదానంగా లెక్కపెట్టేవాణ్ణి పెట్టు. తేడా రెండు మూడు ఓట్లయితే, ఫలితం ప్రకటించకముందే రీకౌంటింగ్ రాతపూర్వకంగా అడగాలి. చెల్లని ఓట్లు ఎందుకు చెల్లలేదో అక్కడే చూడమను.

మర్నాడు, గెలిచినా ఓడినా, ఊగిసలాట గుర్తున్న పేర్ల దగ్గరికి మళ్లీ వెళ్లు. ఎటు వేశారని అడగకు. వాళ్లు చెప్పిన సమస్య ఎంతవరకు వచ్చిందో చెప్పు. పైఏడు ప్రధాన కార్యదర్శి పోటీకి నీ జాబితా అక్కడి నుంచే మొదలు.

ఈ వారంలో నీ హాజరు శాతం కనుక్కుని రాయి.

మీ బాబాయి