లుకేమియాకు మొక్కల పెప్టైడ్లు: ఈ దారిలో పాపను పంపొచ్చా?

ప్రశ్న: మా పాప కడపలో బీఎస్సీ చివరి ఏడాది. మొక్కల పెప్టైడ్లతో (చిన్న ప్రొటీన్ ముక్కలతో) లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) మందు కనిపెట్టే రీసెర్చ్ చేస్తానంటోంది. నేనేమో ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి హైదరాబాద్ ఫార్మాలో చేరమంటున్నా. ఏది మేలు? పీహెచ్‌డీ అయ్యేసరికి 28 ఏళ్ళొస్తాయి, పెళ్ళెప్పుడు?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: మీ అసలు దిగులు చివరి ముక్కలో ఉంది, ముందు దాని సంగతి చూద్దాం. పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత దాని పైమెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. ఆ ఫెలోషిప్ వచ్చినన్నాళ్ళూ పాప మీ మీద ఆధారపడదు. చదువుతూ పెళ్ళి చేసుకున్నవాళ్ళు ప్రతి యూనివర్సిటీలోనూ ఉన్నారు. కొడుకైతే ఈ లెక్క వేసేవారా? కోపం తెచ్చుకోకుండా ఆలోచించండి.

ఇక పెప్టైడ్లు. మొక్కలు బూజు నుంచి, బాక్టీరియా నుంచి కాచుకోవడానికి డిఫెన్సిన్లు, థయోనిన్లు, సైక్లోటైడ్లు అనే పెప్టైడ్లను తయారుచేసుకుంటాయి. చాలావాటికి ధనావేశం ఉంటుంది. క్యాన్సర్ కణాల పైపొర మామూలు కణాలకంటే ఎక్కువ ఋణావేశంతో ఉంటుంది కాబట్టి పెప్టైడ్ దానికి అతుక్కుని చిల్లులు పెడుతుందని ఆశ. లుకేమియా కణాలు రక్తంలో తిరుగుతుంటాయి, అందుకోవడం సులువు అనిపిస్తుంది. కానీ అదే రక్తంలో ఎర్రకణాలూ ఉన్నాయి, థయోనిన్లు వాటినీ పగలగొడతాయి. పైగా చాలా పెప్టైడ్లను రక్తంలోని ఎంజైములు త్వరగా ముక్కలు చేసేస్తాయి. డిఫెన్సిన్‌లో సాధారణంగా 8 సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) సరైన జతల్లో 4 బంధాలుగా ముడిపడాలి, జత తప్పితే పని చెడుతుంది. ఇన్ని చిక్కులున్నాయి గనకే ఈ కోవ పెప్టైడ్లలో లుకేమియాకు ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు. బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్‌ను పిల్లల లుకేమియాలో దశాబ్దాలుగా వాడుతున్న మాట నిజమే, అయితే అది ఆల్కలాయిడ్ అనే వేరే రకం రసాయనం, పెప్టైడ్ కాదు. దాన్ని చూపించి లక్షల ఫీజుతో ‘క్యాన్సర్ బయాలజీ’ కోర్సు అమ్మేవాళ్ళను నమ్మకండి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేది కె562 కణాలపై (ల్యాబ్‌లో పెంచే లుకేమియా కణాలు) ఎంటీటీ పరీక్ష. బతికున్న కణాలు ఎంటీటీ అనే రంగుపదార్థాన్ని ఊదాగా మారుస్తాయి, రంగు ఎంత ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు. 96 గుంటల ప్లేటులో గుంటకు 10,000 కణాలు, పెప్టైడ్ వేసి 24 లేదా 48 గంటలు, తర్వాత ఎంటీటీ వేసి 4 గంటలు. ఏర్పడిన ఊదా స్ఫటికాలను డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. ఈ కణాలు అడుగుకు అంటవు. ప్లేటును సెంట్రిఫ్యూజ్ చేయకుండా పైద్రవం తీసేస్తే కణాలూ దాంతోపాటే పోయి రంగు తగ్గుతుంది, పెప్టైడే చంపిందని రాసేస్తారు. సింథటిక్ పెప్టైడ్‌లో తయారీ నుంచి మిగిలిపోయిన ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం కూడా ఇలాగే మోసం చేయగలదు. కాబట్టి రెండు పరీక్షలు పక్కన ఉండి తీరాలి. ఒకటి, ఆరోగ్యవంతుల తెల్లకణాలపై అదే మోతాదు. రెండోది హీమోలిసిస్, అంటే ఎర్రకణాలు పగులుతున్నాయా అని చూడడం: ఎర్రకణాలతో పెప్టైడ్ కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవంలోకి వచ్చిన హీమోగ్లోబిన్‌ను 540 నానోమీటర్ల దగ్గర కొలవాలి. కణాలన్నిటినీ పగలగొట్టే డిటర్జెంటు ట్రైటాన్ ఎక్స్-100 వేసిన గుంటను నూరు శాతంగా తీసుకుంటారు. ఇవి చేయించని గైడ్ దగ్గర చేరొద్దు.

మీరడిగిన పోలిక చిన్నదే. ఆర్గానిక్ కెమిస్ట్రీతో ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, ఒప్పుకుంటాను. ఇష్టం లేని పిల్లను అందులోకి నెడితే మాత్రం ఏడాదికే ఇంటికొచ్చేస్తుంది, అప్పుడు మీరే బాధపడతారు. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ తీసుకోమనండి, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే ఉంది. అందులో పెప్టైడ్ సింథసిస్ (తయారీ), హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి శుద్ధిచేసే యంత్రం), సెల్ కల్చర్ (కణాల పెంపకం) చేతికి అలవాటు కావాలి. షుగరుకు వాడే లిరాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్ కూడా పెప్టైడ్లే. ఆ పని వచ్చినవాళ్ళు ఫార్మాకూ కావాలి, కాబట్టి లుకేమియా పరిశోధన కుదరకపోయినా పాప రోడ్డున పడదు. భయపడకండి.

ఫీజు కట్టేముందు పాపను తీసుకెళ్ళి ల్యాబ్ చూడండి. కణాలను పెంచే కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ నడుస్తోందా, హెచ్‌పీఎల్‌సీ చివరిగా ఎప్పుడు వాడారు, కరెంటు పోతే జనరేటర్ ఉందా అని సీనియర్ విద్యార్థులను అడగమనండి.