గోలీ తొమ్మిదికి, దావత్ ఎనిమిదికి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నాకు 38 ఏండ్లు. నాలుగేండ్ల సంది హెచ్‌ఐవీకి గోలీలు వాడుతున్న, రాత్రి తొమ్మిదికి ఒకటి. తాగిన రోజు గోలీ వేసుకుంటే రెండూ కలిసి విషమైతయని గోలీలిచ్చే సెంటర్ల లైన్ల నిలబడ్డ ఒకాయన చెప్పిండు. అందుకే దావత్ ఉన్ననాడు గోలీ బంద్ పెడుతున్న. నెలకు మూడు నాలుగుసార్లు ఇట్లయితది. సరైందేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కాదు. మీకు హాని చేస్తున్నది ఆ సలహాయే. మన దగ్గర తాగేదాన్నీ మందే అంటాం, మింగేదాన్నీ మందే అంటాం కాబట్టి ఇక్కడ మింగేదాన్ని గోలీ అనే రాస్తాం.

రోజుకు ఒక్కటే గోలీ అంటున్నారు కాబట్టి మీది ఎక్కువ మందికి ఇచ్చే టీఎల్‌డీ అయి ఉంటుంది. ఒకే బిళ్లలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. మొదటి రెండూ కిడ్నీల గుండా మూత్రంలో పోతాయి. మూడోది లివర్‌లో విరుగుతుంది గానీ సారా విరిగే దారి వేరు, దీని దారి వేరు. కడుపులో రెండూ కలిసి విషం కావడమన్నది లేదు.

గోలీ మానితే జరిగేది వేరు. రక్తంలో గోలీ మందు పలచబడగానే వైరస్ మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. ఆ అరకొర మందును తట్టుకున్న వైరస్ మిగిలి, దాని సంతతే పెరుగుతుంది. లామివుడిన్‌ను దెబ్బతీయడానికి వైరస్‌లో ఒక్క మార్పు చాలు. నూటికి 95 గోలీలైనా పడాలన్నది లెక్క, అంటే 30 గోలీల డబ్బాలో ఒకటికి మించి మిగలకూడదు. మీకు మూడు నాలుగు మిగులుతున్నాయి. వాటిని సెంటర్‌కు పోయే ముందు పారేసి లెక్క సరిచేసేవాళ్లున్నారు. అట్లా చేస్తే రేపు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పెరిగినప్పుడు గోలీ పనిచేయడం లేదనుకొని డాక్టర్ గోలీనే మార్చాల్సి వస్తుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది: టెనోఫోవిర్, లామివుడిన్ దాన్నీ అణచి ఉంచుతాయి, ఆపితే కామెర్లు తిరగబెట్టవచ్చు.

దావత్‌లో ఉంటే రాత్రి తొమ్మిది అయిందన్నది గుర్తుండదు. కాబట్టి గోలీనే పొద్దుటికి మార్చండి. డొలుటెగ్రావిర్‌కు తిన్న తర్వాతా ముందా అన్న పట్టింపు లేదు, చాయ్ తాగే వేళకు వేసుకోవచ్చు. ఈ రాత్రి తొమ్మిదికి ఒకటి, రేపు పొద్దున ఏడింటికి ఇంకోటి, ఆ తర్వాత రోజూ ఏడింటికే. ఆ ఒక్కసారి తొందరగా వేసుకున్నందుకు నష్టం లేదు. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి గోలీకి నాలుగు గంటలే ఉంటే మాత్రం పోయినదాన్ని వదిలేయండి, రెండు కలిపి మింగొద్దు. మింగిన గంటలోపు వాంతి అయితే మరొకటి వేసుకోవాలి.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. తాగిన మర్నాడు కడుపు మంటకు గ్యాస్ సిరప్ తాగుతారు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డొలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనీయవు. సిరప్‌కు కనీసం రెండు గంటల ముందు గోలీ పడాలి, లేదా సిరప్ తాగాక ఆరు గంటలు ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్లలదీ ఇదే గడువు, అన్నంతోపాటు అయితే కలిపి మింగవచ్చు. తలనొప్పికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వేసుకోవద్దు. తాగి ఒంట్లో నీళ్లు తగ్గిన రోజున టెనోఫోవిర్‌తో కలిస్తే కిడ్నీల మీద పడతాయి.

ప్రశ్న: మా ఆయన కంపౌండ్ కల్లు రోజుకు మూడు సీసాలు తాగుతడు. ఈ మధ్యనే హెచ్‌ఐవీకి సెకండ్ లైన్ గోలీలకు మార్చిండ్రు. అప్పటి సంది రెండు సీసాలకే పడిపోతున్నడు. బంద్ చేయిస్తే చేతులు వణుకుతయి, పిచ్చిపిచ్చిగ మాట్లాడుతడు. కండ్లు గూడ పచ్చగున్నయి. ఏం చేయాలె?
– ఒక సోదరి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఒకమాట: ఇంట్లో మీరే ఒక్కరోజులో బంద్ చేయించకండి.

చెట్టు కిందనే ముంత పట్టి తాగే ఈత కల్లు, తాటి కల్లు వేరు, కొన్ని కంపౌండ్లలో, అంటే కల్లు దుకాణాల్లో, అమ్మే మందు కల్లు వేరు. పాలమూరు, నల్లగొండ వైపు అది కొత్త విషయమేమీ కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రాజోలం కలిపి నిషా ఎక్కించే కల్లు అది. మీవారికి సారా అలవాటుతో పాటు నిద్రమాత్రల అలవాటు కూడా పడి ఉండవచ్చు. ఆ వణుకు, ఆ మాటలు అందుకే. ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ కూడా వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో పెట్టి, వేరే మందు ఇచ్చి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలి. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో “కల్లు కంపౌండ్‌ది, రోజుకు ఇన్ని సీసాలు” అని విడమరిచి చెప్పండి. “తాగుతడు” అంటే వాళ్లు విస్కీ అనుకుంటారు.

రెండు సీసాలకే పడిపోవడానికి కారణం కొత్త గోలీల్లో ఉండవచ్చు. సెకండ్ లైన్‌లో, అంటే మొదటి గోలీలు పనిచేయనప్పుడు ఇచ్చేవాటిలో, అటాజనావిర్ గానీ లోపినావిర్ గానీ ఇచ్చేటప్పుడు రిటోనావిర్ కలిపి ఇస్తారు. లివర్ అల్ప్రాజోలాన్ని విరగ్గొట్టకుండా రిటోనావిర్ అడ్డుకుంటుంది, కాబట్టి అదే కల్లు ఎక్కువసేపు, ఎక్కువ గట్టిగా పనిచేస్తుంది. నిద్రలో ఊపిరి మందగించే ప్రమాదముంది. గురక మారినా, లేపితే లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. గోలీలు మాత్రం ఆపొద్దు.

కండ్ల పచ్చదనానికి రెండు కారణాలుంటాయి. అటాజనావిర్ వాడేవాళ్లలో కొందరికి లివర్ చెడకుండానే కండ్లు పచ్చబడతాయి, దాంతో హాని లేదు. తాగేవాళ్లకు నిజంగానే కామెర్లు కావచ్చు. కండ్లు చూసి తేడా చెప్పలేం. లివర్ పరీక్ష చేయించండి, అప్పటిదాకా ఆకు పసరు పోయించకండి.

ప్రశ్న: హెచ్‌ఐవీ గోలీలు వాడేటోళ్లకు క్వార్టర్ అయితే పర్వాలేదా? ఇప్పుడు టీబీ రాకుండా కూడా బిళ్లలిస్తున్నరు.
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో అసలు ఆల్కహాల్ 60 గ్రాములకు పైనే. 30 మిల్లీలీటర్ల పెగ్గు 10 గ్రాములు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు 25, స్ట్రాంగ్ బీరు 40 గ్రాముల దాకా ఉంటుంది. కాబట్టి క్వార్టర్ చిన్నది కాదు, ఆరు పెగ్గులు. ఇంతవరకు లివర్‌కు ఏమీ కాదని మేం గీత గీయలేం.

మీ సంగతిలో అసలు చిక్కు టీబీ బిళ్లతోనే. అందులోని ఐసోనియాజిడ్ లివర్‌ను దెబ్బతీయవచ్చు, తాగుడు ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. ఆ కోర్సు అయ్యేదాకా ఒక్క పెగ్గు కూడా వద్దు. అన్నం సహించకపోయినా, వాంతులైనా, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా టీబీ బిళ్ల ఆపి అదే రోజు సెంటర్‌కు వెళ్లండి. హెచ్‌ఐవీ గోలీ మాత్రం వాళ్లు చెప్పేదాకా మీరుగా ఆపొద్దు. తాగుతున్నానంటే గోలీలు ఇవ్వరన్న భయంతో దాచొద్దు, తాగుడు అన్నది గోలీలు నిరాకరించడానికి కారణం కాదు. సెంటర్‌లో నోరు విప్పలేకపోతే 1097కు ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు.