సమాధానం: మార్చిన కిడ్నీలో మళ్లీ ఐజీఏ నెఫ్రోపతి వస్తుందా?

మీ వదినగారు కిడ్నీ ఇచ్చిన మూడేళ్లకు మీ అన్నయ్యగారికి యూరిన్‌లో ప్రోటీన్ పోతోందని, పాత జబ్బే మళ్లీ వచ్చిందా అని అడిగారు. ముందు మీ వదినగారికి ఈ మాట చెప్పండి: ఆవిడ ఇచ్చిన కిడ్నీలో లోపం ఉందని కాదు. మీ అన్నయ్యగారి పాత జబ్బు ఐజీఏ నెఫ్రోపతి అన్నారు కదా. అందులో ఐజీఏ యాంటీబాడీలు ఆయన ఒంట్లోనే తయారై, కిడ్నీ వడపోత గుత్తుల్లో పేరుకుంటాయి. కిడ్నీ మారినా ఆ ఇమ్యూనిటీ మారదు, అందుకే కొందరికి తిరగబెడుతుంది. చాలామందిలో నెమ్మదిగానే సాగుతుంది.

అయితే మూడేళ్ల తర్వాత యూరిన్‌లో ప్రోటీన్ పోవడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు. రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదిగా చూసి దెబ్బతీయడం) కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దేనికి దాని వైద్యం వేరు. కాబట్టి బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) వాయిదా వేయకండి, దయచేసి. ఆ ముక్కకి ఇమ్యునోఫ్లోరెసెన్స్ (పేరుకున్న యాంటీబాడీలను మెరిసేలా చేసి చూసే పరీక్ష) కూడా చేస్తారా అని అడగండి. ఐజీఏ బయటపడేది అందులోనే. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

టాక్రోలిమస్ (రిజెక్షన్ రాకుండా వాడే మందు) రక్తంలో ఎంత ఉందో చూసే లెవల్ పరీక్షకి రక్తం ఉదయం డోసు వేసుకోకముందే ఇవ్వాలి. మా తమ్ముడు ఒకసారి వేసుకుని వెళ్లాడు, లెవల్ ఎక్కువ చూపించి ఇంటిల్లిపాదికీ టెన్షన్.

నాటు మందులు, నొప్పి మాత్రలు అసలు వద్దు. డాక్టర్ చెప్పకుండా ఏ మాత్రా ఆపొద్దు. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.