యుద్ధాలు, ఎన్నికలు చదువుతానంటున్న అమ్మాయికి ఏ దారి?

గుణుపురం నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. ఆయనకు చిన్న బట్టల కొట్టు ఉంది. కూతురు ప్లస్ టూ ఆర్ట్స్ రెండో సంవత్సరం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఆయన బాధ ఆయన మాటల్లోనే: "పిల్ల మంచిదేనమ్మా, కానీ యుద్ధాలంటే పిచ్చి. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటని ఎలా పట్టుకున్నాడో పాత క్యాలెండర్ వెనక గీసి గోడకి అంటించింది. కొండ మీద నీళ్లు ఎక్కడుంటాయో దానికి కూడా గుర్తులు పెట్టింది. 2024లో పోలింగ్ రోజున పొద్దుటే వెళ్లి, బూత్‌కి దూరంగా ఒక అరుగు మీద కూర్చుని, ఏ గంటకి ఆడవాళ్లు ఎంతమంది, మగవాళ్లు ఎంతమంది వెళ్లారో నోటుబుక్కులో రాసుకుంది. ఇదే చదువుతానంటోంది. ఈ చదువుకి ఉద్యోగం ఎవరిస్తారు? బీఈడీ చేయించి టీచర్ని చేద్దామనుకున్నాను. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది."

అన్నయ్యగారూ,

నీళ్ల గుర్తుల సంగతి నేను రెండుసార్లు చదివాను. కోట బొమ్మ ఏ పిల్లయినా గీస్తుంది. కత్తులు, ఏనుగులు, జెండాలు గీస్తుంది. లోపల ఉన్నవాళ్లు ఎన్నాళ్లు తాగి బతుకుతారు అన్న ప్రశ్న పదిహేడేళ్ల పిల్లకి తట్టిందంటే అది పిచ్చి కాదు, చూపు. ఉదయగిరి ముట్టడి 1513లో మొదలై 1514 దాకా సాగింది. కొండ ఎక్కే దారులు సన్నం కావడంతో రాయలు బండలు పగలగొట్టించి దారులు వేయించాడు. అంటే నెలల తరబడి అక్కడ జరిగింది ఎక్కువగా రాళ్లు కొట్టే పని, తిండిగింజలు మోసే పని, కాపలా పని. మీ అమ్మాయికి నచ్చింది ఈ భాగమే అని నాకనిపిస్తోంది. ఈ భాగం తెలిసినవాళ్లకి ఉద్యోగాలున్నాయి. ఎక్కడున్నాయో చెప్పే ముందు ఒక కథ చెప్తాను. ఇది అమ్మాయికి చదివి వినిపించండి.

1758లో విజయనగరం రాజు ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో పడలేదు. విశాఖపట్నం వాళ్ల చేతిలోంచి లాక్కుని, రమ్మని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. కలకత్తా నుంచి క్లైవ్ ఓడల మీద కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. దండు ఖర్చు రాజు పెట్టుకోవాలని ఒప్పందం. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో రెండు సేనలు ఎదురుపడ్డాయి. ఫోర్డ్ దగ్గరున్న మన సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకుని ఉన్నారు. అతని తెల్ల సైనికుల పటాలానికి ముందు ఎత్తుగా పెరిగిన పంట చేను అడ్డంగా ఉంది. ఫ్రెంచివాళ్లు ఎర్ర కోట్లు చూసి, తెల్ల పటాలం ఇదేననుకుని సిపాయిల మీద పడ్డారు. వాళ్లని చెదరగొట్టి ముందుకు పరిగెత్తారు. పక్కనున్న చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి కాల్పులు మొదలుపెట్టింది. యుద్ధం అక్కడే తిరగబడింది.

చాలామంది కథని ఇక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యమైనది దీని తరవాతది. గెలిచిన ఫోర్డ్ వెంటనే మచిలీపట్నం మీదికి వెళ్లలేకపోయాడు. రాజు ఇస్తానన్న డబ్బు ఇవ్వలేదు. డబ్బు లేకపోతే ఎడ్లు లేవు, బియ్యం లేదు. గోదావరి దగ్గర వారాలకి వారాలు గొడవపడుతూ కూర్చున్నారు. ఆ లోపు ఫ్రెంచివాళ్లు తేరుకున్నారు. చివరికి మచిలీపట్నం చేరాక సొంత సైనికులే జీతాల కోసం తిరగబడ్డారు. వాళ్లని బతిమాలి, మాటిచ్చి నిలబెట్టుకుని, 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి కోట మీద పడ్డాడు. ఒక వైపు బురద నేల. అటునుంచి కూడా ఒక దండుని నడిపించాడు. లోపలున్న సేన తన సేన కంటే పెద్దది, అయినా తెల్లారేసరికి కోట లొంగిపోయింది. కోస్తా జిల్లాల్లో ఫ్రెంచివాళ్ల పెత్తనం అలా పోయింది.

ఇప్పుడు అమ్మాయిని ఒక మాట అడగండి. ఈ కథలో నీకు ఏ చోట ఆగి ఇంకా తెలుసుకోవాలనిపించింది? చేను చాటు దెబ్బ దగ్గరా? డబ్బు, ఎడ్లు, బియ్యం దగ్గరా? లేక రాజు మనసు ఎందుకు మారింది, సైనికులు ఎందుకు తిరగబడ్డారు అన్న చోటా? తొందరపెట్టకుండా అడగండి. నేను చెప్పబోయే దారులు ఈ జవాబుని బట్టే విడిపోతాయి.

మొదటిదైతే, అంటే తనే దండు నడపాలని ఉంటే, అది సైన్యం దారి. ప్లస్ టూ అవగానే యూపీఎస్సీ పెట్టే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయొచ్చు. ఏ గ్రూపువాళ్లకైనా ఆర్మీ విభాగం ఉంటుంది, ఇప్పుడు అమ్మాయిలకీ అవకాశం ఉంది. కానీ రాత పరీక్ష 900 మార్కుల్లో 300 లెక్కలవి. ఆర్ట్స్‌లో లెక్కలు వదిలేసిన పిల్లకి అది పెద్ద గోడ. అమ్మాయిలకి సీట్లు కూడా తక్కువ. అందుకని ఎన్‌డీఏ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని ఒక ఏడాది ఇంట్లో కూర్చోబెట్టవద్దు. డిగ్రీ తరవాత సీడీఎస్ పరీక్ష ద్వారా చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లే దారి ఆమెకి బాగా సరిపోతుంది. ఆ అకాడమీకి రాసేవాళ్లకి లెక్కల పేపర్ ఉండదు. ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ మాత్రమే. ఇంకో మంచి దారి ఎన్‌సీసీ. డిగ్రీ కాలేజీలో ఎన్‌సీసీలో చేరి 'సి' సర్టిఫికెట్ మంచి గ్రేడుతో తెచ్చుకుంటే, రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ, అంటే సైన్యానికి ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు, ఇంటర్వ్యూకి పిలుస్తారు. కాబట్టి కాలేజీ ఎంచుకునేటప్పుడు అక్కడ అమ్మాయిలకి ఎన్‌సీసీ ఉందో లేదో ముందు కనుక్కోండి. 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆడ ఆఫీసర్లు పదవీ విరమణ దాకా కొనసాగే పర్మనెంట్ కమిషన్ పొందే వీలు కూడా వచ్చింది. అన్నట్టు, మన బరంపురం పక్కనే గోపాలపురంలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. సైన్యం అంటే ఎక్కడో ఢిల్లీలో, కాశ్మీరంలో ఉండేది అనుకుంటాం. మనకి బస్సు దూరంలోనే ఉంది.

రెండోదైతే, సామాన్లు, దారులు, డబ్బు, లెక్కలు ఆమెని పట్టుకుంటే, అది చదువు దారి. డిగ్రీలో చరిత్ర లేదా రాజనీతిశాస్త్రం తీసుకుని, వీలైతే పక్కన ఎకనామిక్స్ పెట్టించండి. తరవాత పీజీలో డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ అనే సబ్జెక్టే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో, పుణెలోని సావిత్రిబాయి ఫూలే విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేక విభాగాలున్నాయి. రెండూ ప్రభుత్వానివి కాబట్టి ప్రైవేటు కాలేజీల ఫీజులతో భయపడక్కరలేదు. కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో కూడా ఈ సబ్జెక్టు ఉంది. అంటే మీరు కోరుకున్న టీచర్ ఉద్యోగం, కాలేజీ స్థాయిలో, ఈ దారిలోనే ఉంది. ఢిల్లీలో రక్షణ విషయాల మీద పరిశోధన చేసే సంస్థలున్నాయి. 1965లో పెట్టిన రక్షణ అధ్యయనాల సంస్థ, ఇప్పుడు మనోహర్ పారికర్ పేరుతో ఉన్నది, వాటిలో పెద్దది. అక్కడ పోస్టులు కొద్దిగానే ఉంటాయి. పోటీ గట్టిగా ఉంటుంది. దాచి చెప్పడం నాకిష్టం లేదు.

మూడోదైతే, మనుషుల మనసు దగ్గర ఆగితే, అది ఎన్నికల దారి. అరుగు మీద కూర్చుని గంట గంటకీ మనుషుల్ని లెక్కపెట్టిన పిల్ల కాబట్టి నా ఊహ ఇటే మొగ్గుతోంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

ఎన్నికల ప్రచారం కూడా దండయాత్రలాంటిదే. ఓటర్ల జాబితా మ్యాపు, బూత్ ఏజెంట్ కాపలావాడు, జీపులు, డీజిల్, భోజనాల ఖర్చు రసదు. మన బొబ్బిలిలోనే చూడండి. 1937 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రిలాంటి పదవి) ఉన్న బొబ్బిలి రాజా మీద కాంగ్రెస్ తరఫున వి.వి. గిరి నిలబడ్డారు. మన బరంపురంలో పుట్టిన ఆయనే. అటువైపు జమీందారీ, అధికారం, డబ్బు. అయినా గిరిగారే గెలిచారు. అప్పుడు ఒక్కో పార్టీకి ఒక్కో రంగు పెట్టె ఉండేది, చదువురానివాళ్లు గుర్తుపట్టడానికి. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. పసుపు ప్రతి ఇంట్లోనూ ఉండేదే కదా. "పసుపు పెట్టెలో వేయండి" అన్న చిన్న మాట ఊరూరా పాకింది. ఆ ఏడాది మద్రాసు శాసనసభలో 215 సీట్లకి 159 కాంగ్రెస్ గెలుచుకుంది.

ఇప్పటి లెక్క ఒకటి అమ్మాయి ముందు పెట్టండి. 2024లో ఒడిశా శాసనసభకి బిజూ జనతాదళ్‌కి వచ్చిన ఓట్లు 40.22 శాతం, బీజేపీకి 40.07 శాతం. సీట్లు మాత్రం 147లో బీజేపీకి 78, బిజూ జనతాదళ్‌కి 51. ఓట్లు కాస్త ఎక్కువ వచ్చినవాళ్లకి సీట్లు అంత తక్కువ ఎలా వచ్చాయి? నియోజకవర్గాల వారీ ఫలితాలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. నాలుగు రోజులు దాని మీద కూర్చుని జవాబు వెతికితే, ఈ పని ఆమెకి నిజంగా ఇష్టమో కాదో ఆమెకే తెలిసిపోతుంది. ఇష్టమైతే డిగ్రీలో రాజనీతిశాస్త్రంతో పాటు స్టాటిస్టిక్స్ ఎంత వీలైతే అంత నేర్పించండి. ఢిల్లీలో సీఎస్‌డీఎస్ అనే సంస్థ, దాని లోక్‌నీతి విభాగం, ఎన్నికల మీద ఇంటింటి సర్వేలు చేస్తుంటాయి. డిగ్రీ అయ్యాక ఎంపీ దగ్గర కూర్చుని బిల్లులు, ప్రశ్నలు తయారుచేసే లాంప్ ఫెలోషిప్ ఉంది. దాన్ని పీఆర్ఎస్ అనే సంస్థ నడుపుతుంది.

పార్టీలకి ప్రచారం నడిపిపెట్టే కన్సల్టెన్సీలు కూడా వచ్చాయి. పిల్లలు ముందు అటే చూస్తారు. నేను వద్దనను, కానీ ఒక జాగ్రత్త చెప్తాను. ఇది పంటకోతల పనిలాంటిది. ఎన్నికల ముందు వందలమందిని తీసుకుంటారు, కౌంటింగ్ అయిన మర్నాడు చాలామందిని పంపేస్తారు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు ఆర్నెల్లు రాత్రింబవళ్లు చాకిరీ చేస్తే, ఆఖరి రెండు నెలల జీతం చేతికి రాలేదు. అతని దగ్గర ఒక్క కాగితం కూడా లేదు, అంతా ఫోన్లో మాటే. అందుకని నియామక పత్రం చేతికి రాకుండా బ్యాగు సర్దుకోవద్దు. ఇంకొకటి, ఈ పనిలో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అబద్ధపు మెసేజ్ రాసిపెట్టమని అడుగుతారు. రెండు కులాల మధ్య, రెండు భాషల మధ్య చిచ్చుపెట్టే మెసేజ్ కావచ్చు. మన సరిహద్దు ఊళ్లలో అలాంటి మాట ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పక్కరలేదు. ఆ రోజు వద్దని లేచి రావడానికి చేతిలో వేరే చదువు, వేరే ఉద్యోగానికి దారి ఉండాలి. అందుకే ముందు డిగ్రీ, పీజీ, తరవాతే అటు.

ఎన్నికలని ఇంకో వైపు నుంచి నడిపేవాళ్లు కూడా ఉన్నారు, ప్రభుత్వ అధికారులు. బూత్ ఎక్కడ పెట్టాలి, కొండ మీద ఊరికి మెషీన్లు ఎలా చేర్చాలి, సాయంత్రానికి 17సి ఫారంలో పోలైన ఓట్ల లెక్క రాసి ఏజెంట్లకి ఎలా ఇవ్వాలి, ఇదంతా నడిపేది వాళ్లే. ఓపీఎస్సీ, అంటే ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి ఒడిశా అడ్మినిస్ట్రేటివ్ సర్వీసుకి వెళ్తే రిటర్నింగ్ ఆఫీసర్ కుర్చీలో కూర్చునే రోజు వస్తుంది. దానికి ఒడియా రావాలి, మీ అమ్మాయికి వచ్చు. స్థిరమైన జీతం కావాలనుకునే మీలాంటి ఇంటికి నేను గట్టిగా చెప్పే దారి ఇది.

భాషల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉండటం వల్ల పిల్ల ఎటూ కాకుండా పోతుందని మీ ఉత్తరం చివర్లో చిన్నగా రాశారు. అలా అనుకోవద్దన్నయ్యగారూ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మీ గుణుపురం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఏ ఊరు ఎటు పోవాలన్నది అప్పుడు అర్జీలతో, కమిటీలతో, జనాభా లెక్కల్లో ఎవరి భాష ఏదని రాశారన్న దానితో తేలింది. 1903లో ఒడియావాళ్ల సంఘం ఉత్కళ సమ్మేళనం మొదలైన దగ్గర్నుంచి లెక్కేస్తే ముప్ఫై మూడేళ్ల ఉద్యమం. అదీ ఒక దండయాత్రే, ఒక్క తుపాకీ పేలకుండా నడిచింది. మీ పక్క పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు రాశారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం సంగతి మనందరికీ తెలుసు. మీ సంతకి వచ్చే సవరలతో మీ అమ్మాయి నాలుగు మాటలు మాట్లాడగలదా? మాట్లాడగలిగితే ఇంకా మంచిది. తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చి ఊళ్లో కూర్చుని సర్వే చేయగల మనిషి ఢిల్లీలో దొరకదు. ఇంగ్లీషు మాత్రం రోజూ చదివించండి. ఏ దారికైనా అదే గేటు.

ఇక ఈ సెలవుల్లో చేయాల్సింది. ఒక ఆదివారం బరంపురం వచ్చి, అక్కడి నుంచి పురుషోత్తమపురం దగ్గరున్న జౌగడ వెళ్లండి. రుషికుల్య ఒడ్డున అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నరమందిని తరలించారని, దానికి తాను బాధపడ్డానని అశోకుడు పదమూడో శాసనంలో చెప్పాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ శాసనం ఉంది. ఓడిపోయిన కళింగంలో, జౌగడలో, ధౌలిలో మాత్రం అది చెక్కించలేదు. దాని చోట ప్రజలంతా నా బిడ్డలు, వాళ్లని న్యాయంగా చూడండి అని అధికారులకి చెప్పే శాసనాలు పెట్టించాడు. యుద్ధం గెలిచినవాడు ఆ మాట అక్కడ ఎందుకు చెప్పలేదు? అమ్మాయిని రెండు పేజీలు రాయమనండి. తెలుగులోనైనా, ఒడియాలోనైనా ఫర్వాలేదు. నాకు పంపండి, నేను చదివి ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను. చందుర్తి కథలో ఎక్కడ ఆగిందో కూడా అదే కాగితం మీద రాయమనండి. డిగ్రీ అడ్మిషన్ల ఫారాలు నింపేలోపు అది నా చేతికి రావాలి.