రొయ్యల చెరువు చూసి పెరిగిన పిల్లకి మంచు సముద్రం కొత్తేమీ కాదు

ప్రశ్న: మాది ముత్తుకూరు దగ్గర పల్లె. ఐదెకరాల్లో వెనామీ రొయ్యలు వేస్తాను. మా పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ధ్రువాల దగ్గర మంచు కరిగేచోట సముద్రం అడుగున నాచు, జీవులు ఏమవుతున్నాయో చదువుతానంటోంది. చుట్టాలేమో నీట్ లాంగ్ టర్మ్‌లో చేర్చమంటున్నారు. ఆడపిల్ల అంత దూరం పోగలదా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: పాప అడిగే చదువు మీకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. తుఫాను వాన పడ్డ మర్నాడు మీ చెరువు ఎలా ఉంటుంది? పైన చప్ప నీళ్లు, అడుగున ఉప్పు నీళ్లు. గట్టు మట్టి కరిగి దిగి, మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి కనపడదు. ఎండ లోపలికి దిగక ప్లాంక్టన్ (నీటిలో తేలే కంటికి కనపడని జీవులు) పడిపోతే మీరు సున్నం బస్తాల కోసం పరిగెత్తుతారు. హిమానీనదం, అంటే మెల్లగా కదిలే మంచు నది, కరిగి సముద్రంలో కలిసేచోట జరిగేదీ ఇంచుమించు ఇదే. అక్కడ సున్నం చల్లే నాథుడు లేడు, అంతే తేడా.

అంటార్కిటికా అంచున కింగ్ జార్జ్ దీవిలో పాటర్ కోవ్ అనే చిన్న అఖాతం ఉంది. దాని ఒడ్డున ఉన్న హిమానీనదం వెనక్కి జరిగేకొద్దీ ఇన్నాళ్లూ మంచు కింద ఉన్న రాళ్లు బయటపడ్డాయి. ఆ బోడి రాళ్లని పెద్ద జాతి నాచులు ఆక్రమించుకున్నాయి. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ కరిగిన నీళ్లతో పాటు పిండిలాంటి రాతిపొడి వచ్చి వెలుతురుని అడ్డుకుంటుంది, లోతున ఉన్న నాచుకి ఎండ అందదు. అసిడియన్లని సంచుల్లాంటి జంతువులున్నాయి, మన ఆల్చిప్పల్లాగే నీళ్లు పీల్చి, వడకట్టుకుని తింటాయి. ఆ జల్లెడలో రాతిపొడి ఇరుక్కుంటే వాటికి తిండి సాగదు. 1994లో ఆ అడుగున గుంపులుగా ఉన్నవి 2010కల్లా బాగా పలచబడ్డాయి. ఒకే అఖాతంలో నాచుకి కొత్త ఇల్లు, పక్కనే ఇంకొకదానికి ఊపిరాడని పరిస్థితి. ఎవరికి ఎంత, ఎందుకు అన్నది తేల్చడమే పాప చేయాలనుకుంటున్న పని.

మన దేశానికీ ఇందులో పని ఉంది. అంటార్కిటికాలో మైత్రి, భారతి అనే పరిశోధన కేంద్రాలున్నాయి. ఆర్కిటిక్‌లో 2008లో మొదలైన హిమాద్రి కేంద్రం కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సన్నని సముద్రపు పాయ ఒడ్డునే ఉంది, ఆ పాయలోకి హిమానీనదాలు దిగుతాయి. అన్నీ చూసేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. 'ధ్రువ సముద్ర జీవశాస్త్రవేత్త' అని ఏటా నోటిఫికేషన్ పడే పోస్టు లేదు. డిగ్రీ, పీజీ, నెట్, పీహెచ్‌డీ అంటే పదేళ్ల పైమాటే. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు ఇస్తారు కాబట్టి ఆ దశ నుంచి మీ మీద భారం తగ్గుతుంది. కిలోకి ఎన్ని రొయ్యలో కౌంటు చూసి రేటు కట్టినట్టు ఈ చదువుకి కట్టలేరు.

అందుకే నేనైతే బీఎఫ్‌ఎస్సీకి, అంటే చేపలు, రొయ్యల పెంపకం నేర్పే ఫిషరీస్ డిగ్రీకి మొగ్గుతాను. ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు, నాలుగేళ్ల కోర్సు, కాలేజీ మీ ముత్తుకూరులోనే ఉంది. రేపు మనసు మారినా హేచరీలున్నాయి, మేత కంపెనీలున్నాయి, మత్స్యశాఖలో ఎఫ్‌డీఓ (మత్స్య అభివృద్ధి అధికారి) పోస్టులకి ఆ డిగ్రీ పనికొస్తుంది. సీటు రాకపోతే బీఎస్సీ చేసి, కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో గానీ విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో గానీ మెరైన్ బయాలజీ పీజీ చేయవచ్చు. ఏ దారైనా స్టాటిస్టిక్స్ మాత్రం వదలకూడదు. బైపీసీ పిల్లలు లెక్కలంటే ఆమడ దూరం పోతారు, తర్వాత అక్కడే ఇరుక్కుంటారు.

నీట్ లాంగ్ టర్మ్ పాప తానుగా అడిగితే పెట్టించండి. చుట్టాల కోసమైతే వద్దు.

ఇక ఆడపిల్ల అన్నారు. 1983లో వెళ్లిన మూడో భారత అంటార్కిటికా యాత్రలోనే ఇద్దరు మహిళలున్నారు. వాళ్లలో అదితి పంత్ సముద్ర శాస్త్రవేత్త. ఇప్పుడు పంపేముందు వైద్య పరీక్షలు చేసి, ఉత్తరాఖండ్‌లోని ఔలీ మంచులో శిక్షణ కూడా ఇస్తారు. అదంతా చాలా తర్వాతి మాట. పాపకి ఈత వచ్చా? అడుగున పని చేయాలంటే ముందు అది కావాలి. రాకపోతే ఈ ఎండాకాలమే నేర్పించండి. వానాకాలం మొదలయ్యాక ఒక నోటుపుస్తకం ఇచ్చి, వాన పడ్డ తేదీ, ఉప్పు శాతం, చెయ్యి ఎంత లోతులో కనపడకుండా పోయింది, తూము గోడకి ఏ రంగు పాచి పట్టింది, ఇవి రాయమనండి. పంట పట్టేలోపు పుస్తకం నిండితే నాకు పంపండి, నేనూ చూస్తాను.