కొప్పు కట్టుకోవాలా, పెట్టుకోవాలా?

సందేహం: మాస్టారూ, మాది ఒడిశాలోని గుణుపురం, బడిలో టీచర్ని. నాది నడుం దాటిన జుట్టు. రోజూ పొద్దున్నే రబ్బరు బ్యాండు వేసి, గట్టిగా లాగి కొప్పు కట్టుకుని వెళ్తాను. ఏడాదిగా నుదుటి దగ్గరా కణతల దగ్గరా పలచబడుతోంది. స్కిన్ డాక్టరు 'అంత టైట్‌గా కట్టడం మానండి' అన్నారు. మా అత్తగారేమో 'అసలు కొప్పు కట్టడమేమిటే, కొప్పు పెట్టుకుంటారు గానీ' అన్నారు. ఆవిడ మాట వ్యాకరణమా, చాదస్తమా? కొప్పు, ముడి, సిగ ఒకటేనా? తోటి ఒడియా టీచరు 'ఖోసా' అంటుంది, దానికీ మన మాటలకీ చుట్టరికం ఉందా?

సమాధానం: చాదస్తం కాదమ్మా. డాక్టరుగారు చెప్పిన మాటనే మీ అత్తగారు ఒక్క క్రియలో చెప్పారు. చిన్న ప్రశ్నలకి మొదట చిన్న జవాబులు ఇచ్చేస్తాను. సిగ సంస్కృత 'శిఖ' నుంచి వచ్చింది, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ చెల్లుతుంది, సిగపట్లు పట్టుకోవడం ఇందులోంచి వచ్చిందే. ముడి అంటే మెలిపెట్టి వేసినది ఏదైనా ముడే, జుట్టుదీ కొంగుదీ మంగళసూత్రానిదీ. కీలుగంటు అని కొప్పుకే పాత కావ్యాల మాట ఒకటుంది, ఇప్పుడెవరూ వాడరు. సవరం అంటే జుట్టుకి కలుపుకునేది, 'చామరం' నుంచి వచ్చింది, మన చుట్టుపక్కల కొండల్లోని సవరలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇక కొప్పు. మరాఠీలో ఖోపా, బెంగాలీలో ఖోఁపా ఉన్నాయి కాబట్టి ఎవరు ఎవరికి ఇచ్చారన్న తగవు ఉంది. అది నేను తీర్చలేను.

నా మనసంతా ఇంకో మాట మీద ఉంది. తురుము. ఇవాళ తురుము అంటే కొబ్బరి తురుము తప్ప ఎవరికీ గుర్తు రాదు, నాకు బాధ కలిగించే సంగతుల్లో ఇదొకటి. తురుము అంటే కొప్పు. కన్నడం వాళ్ళు ఇప్పటికీ నిక్షేపంగా 'తురుబు' అంటున్నారు. మనం నామవాచకాన్ని పోగొట్టుకున్నా క్రియని నిలుపుకున్నాం, పూలు తురుముకోవడం అంటున్నాం కదా, అదే. తురమడం అంటే సందు చూసి లోపలికి దోపడం. జుట్టుని చుట్టి, చివరని చుట్ట కిందికి దోపితే నిలబడేది తురుము. దోపితే నిలబడుతుంది, లాగితే కాదు.

ఇప్పుడు మీ ఒడియా స్నేహితురాలి మాట చూడండి. ఒడియాలో 'ఖోసిబా' అంటే దోపడం, పువ్వు ఖోసిబా అంటే మన పూలు తురుముకోవడమే. ఖోసా ఆ క్రియలోంచే వచ్చిందని నాకు తోస్తుంది. మాటలు చుట్టాలు కావు, ఇది ద్రావిడం, అది ఆర్యం. కానీ రెండు భాషల ఆడవాళ్ళూ ఒకే పనికి ఒకే రకంగా పేరు పెట్టుకున్నారు చూశారా! 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా పర్లాకిమిడీ మీ గుణుపురమూ ఇటు చేరాయి గానీ, రెండు భాషలు ఒకే పెరట్లో తల దువ్వుకోవడం అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఉంది.

తెలుగులో జుట్టుకి చెప్పే క్రియలు ఒక్కసారి నోట్లో వేసుకుని చూడండి. తల దువ్వుతాం, జడ అల్లుతాం, కొప్పు పెడతాం, ముడి వేస్తాం, పూలు ముడుస్తాం లేదా తురుముతాం, సిగ చుడతాం. 'జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే' అన్న సామెతలో కూడా 'పెట్టినా' అనే ఉంది. వీటిలో ఒక్కటైనా లాగడం ఉందా, బిగించడం ఉందా? బిగించేది పగ్గం, మరమేకు.

పోతనగారిని పిలవకుండా నేను ఈ సంగతి వదలలేను. గజేంద్రమోక్షంలో 'సిరికిం జెప్పడు' పద్యం రాని తెలుగువాడు ఉండడు, కానీ అందులో మూడో పాదం దగ్గర ఆగినవాళ్ళు తక్కువ. ఏనుగు మొర విని విష్ణువు ఉన్నవాడున్నట్టు బయల్దేరాడు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టుకోలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు, ఆ తరవాత 'ఆకర్ణికాంతర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు'. చెవి దాకా జారిన జుట్టుముడిని సర్దుకోను కూడా లేదు. ఏ క్రియ వాడాడో చూడండి. ఒత్తడు. కాళ్ళు ఒత్తుతామే, పూరీలు ఒత్తుతామే, ఆ ఒత్తడమే. జారిన ముడిని అరచేత్తో మెల్లగా నొక్కి మళ్ళీ దాని చోట్లో కూర్చోబెట్టడం. ఆ పని రోజూ దగ్గరగా చూసినవాడికే ఆ మాట దొరుకుతుంది. ఏ ఇంట్లో ఎవరి చెయ్యి చూశాడో మహానుభావుడు, వైకుంఠంలో దాన్ని వాడాడు! ఆయన వెనకే పరిగెత్తిన లక్ష్మిని 'భుజనటద్ధమ్మిల్లబంధంబుతో' అన్నాడు, అంటే వదులైన ముడి భుజాల మీద నాట్యం చేస్తోంది. స్వామిదీ వదులే, అమ్మవారిదీ వదులే.

మీరు తెలివైనవారు కాబట్టి వెంటనే అడుగుతారు, 'బంధం' అంటే కట్టే కదా మాస్టారూ అని. నిజమే. అమరకోశం కూడా 'ధమ్మిల్లః సంయతాః కచాః' అంటుంది, కట్టి అదుపులో పెట్టిన జుట్టు అని. సంస్కృతంలో కట్టడం ఉంది, ఒప్పుకుంటున్నాను. అందుకే 'కొప్పు కట్టుకోవడం' తప్పని కొట్టిపారేయలేను. పైగా గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని జనం అనే మాటని తప్పు అనడానికి నాకు నోరు రాదు. జుట్టు కట్టుకోవడం ఎలాగూ ఉంది, అక్కణ్ణుంచి కట్టు కొప్పు దాకా పాకి ఉండొచ్చు. చెవికి ఇంపైనది మాత్రం పెట్టుకోవడమే. నాకు మింగుడుపడనిది 'హెయిర్ పైకి పెట్టుకోవడం' అనేది. టీవీ యాంకర్లు అంటున్నారు, మన పిల్లలు అందుకుంటున్నారు. పైకి పెట్టుకోవడానికి అదేమైనా అటక మీది సామానా? కొప్పు అన్న రెండక్షరాల మాట ఉండగా ఈ అవస్థ ఎందుకు?

అలాగే హెయిర్‌లైన్‌కి తెలుగు లేదంటారు. గీతకి మాట లేకపోవచ్చు, గీత దగ్గరి జుట్టుకి ఉంది. ముంగురులు, మును ప్లస్ కురులు. మన కవులు వాటిని ఎప్పుడూ నుదుటి మీద ఆడనిచ్చారు, జెల్ రాసి వెనక్కి అతికించలేదు. మీకు పలచబడుతున్నవి సరిగ్గా అవేనమ్మా. రోజూ ఒకేవైపు లాగితే కుదుళ్ళు అలిసిపోతాయి. తొందరగా మానేస్తే జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్ళ తరబడి సాగితే కుదుళ్ళు మచ్చకట్టి ఇక రాదు. డాక్టరుగారి మాట వినండి, మళ్ళీ ఒకసారి చూపించుకోండి.

మా అమ్మ కొప్పు పెట్టుకోవడం నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. పెరటి అరుగు మీద కూర్చుని, మా ఊరి గేదె కొమ్ము దువ్వెనతో చివర్ల నుంచి చిక్కు తీసి, జుట్టంతా మెడ దగ్గరికి వదులుగా తెచ్చి, మెలి తిప్పేది. ఆ మెలి తనకు తానే చుట్టుకునేదాకా తిప్పి, చివరని చుట్ట కిందికి దోపేది. అప్పుడు ఒక కొమ్ము పుల్ల. ముందు చుట్ట అంచులో కొంచెం జుట్టు పట్టేది, పుల్లని వాల్చి తలని ఆనుకున్న జుట్టులోంచి పోనిచ్చి, అవతలి అంచులోంచి పైకి తీసేది. అంతే, రబ్బరు లేదు, క్లిప్పు లేదు. బరువంతా వెనక జుట్టు మీద పరుచుకునేది, ముందువైపు ఒక్క వెంట్రుక కూడా బిగిసేది కాదు. ఆఖర్న రెండు అరచేతులతో కొప్పుని ఒకసారి ఒత్తేది. పోతన పద్యం బళ్ళో విన్నరోజు నాకు వెంటనే అమ్మ చేతులే గుర్తొచ్చాయి.

తలంటుకున్న రోజు ఆ కొప్పు కూడా పెట్టేది కాదు. తడి జుట్టు సాగుతుంది, తెగుతుంది. ఆరేదాకా చివర్న వేలుముడి వేసి వదిలేసేది. వేలుముడి అంటే వదులుగా వేసి ఇట్టే విప్పేది, పీటముడికి పూర్తిగా ఎదురు. మీరు బడికి వేసుకునే ముడి పీటముడి అయింది, దాన్ని వేలుముడి వైపు తీసుకురండి. ఒకరోజు మెడ మీద, ఒకరోజు కాస్త పైన, ఒకరోజు వట్టి జడ. సాయంత్రం విప్పగానే 'అమ్మయ్య' అనిపించిందంటే ఆ పూట బిగించినట్టే లెక్క.

ఒక పని చేసిపెట్టండి. మీ అత్తగారి వయసు ఆడవాళ్ళు గుణుపురం వైపు తురుము అన్న మాట కొప్పు అర్థంలో ఇంకా అంటున్నారేమో అడిగి చూడండి. మీ ఒడియా స్నేహితురాలి ఇంట్లో ఖోసాకి ఏ క్రియ చేరుస్తారో అది కూడా, వాళ్ళు అన్నది అన్నట్టుగానే రాసి పంపండి.